పదకొండు గోనెలు

నెల్లిమర్ల మిల్లుకి తాళం పడిన ఏడు
అమ్మ ఇంటికి తెచ్చిన ఆఖరి కూలి
పదకొండు గోనెపట్టాలు.
వాటి మీదే మొదలుపెట్టాను.
రంగులు కొనలేదు. సరుగుడు బొగ్గు, కాస్త జిగురు, అంతే.

మొదటి దాని మీద క్రిస్మస్ నాటకం.
దూతలు ముగ్గురూ స్టేషను వీధి పిల్లలు.
నాకు ఏటా గొర్రెలకాపరి గొంగడి,
ఒక ఏడు గొర్రె.
"చీకట్లో నవ్వితే తప్ప అగపడవే గుంటా" అన్నారు గిద్యోను మాస్టారు.
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.
నా ఆ నవ్వు గీయడానికి
నాలుగు రాత్రులు పట్టింది.

రెండోది పౌడరు డబ్బా. చెప్పడానికేమీ లేదు.

మూడోది చంపావతి.
పద్నాలుగేళ్ళు నాకు, బాప్తిస్మం.
మంచు కన్నా తెల్లగా కడగమని ఒడ్డున పాట.
మాకు మంచంటే తెల్లారగట్ల ఏటి మీద పొగ,
అమ్మ జడలో ఇరుక్కున్న నార దుమ్ము రంగు.
దాని కన్నా తెల్లగా అంటే
ఎంత తెల్లగా?
మునిగి లేచాను.
తడి తెల్లచీర నన్ను దాచలేదు,
నా నలుపు నాకన్నా ముందు ఒడ్డెక్కింది.
"పాపం పోయింది" అన్నారు అయ్యగారు.
"ఒళ్ళు కప్పుకోయే" అని దుప్పటి విసిరారు అమ్మగారు.
రెండూ ఒక్కసారే వినబడ్డాయి.
ఏది దేవుడి మాటో తెలీలేదు.

తర్వాతవి చాప చివర కూర్చున్న ఆదివారాలు.
డోలక్ మోగితే మడమ దానంతటదే లేచేది.
రెండో పాదంతో దాన్ని తొక్కిపట్టి
ప్రార్థన చేసుకునేదాన్ని,
ఏ ప్రార్థనో ఇప్పుడు గుర్తులేదు,
పాదం నొప్పి గుర్తుంది.

పదకొండోది గీయలేదు.
నేల మీద పరిచి, అరికాళ్ళకి బొగ్గు పూసుకుని
దాని మీద నిలబడ్డాను.
చాలాసేపు ఊరికే నిలబడ్డాను.
అప్పుడు లేచింది మడమ.

ఈస్టరు మర్నాడు అన్నీ తీసుకెళ్ళి
మిల్లు గేటు ఊచలకి పురికొసతో కట్టాను.
"సిగ్గు లేదేటే తబితా?" టీకొట్టు దగ్గర్నించి ఎవరో.
ఉండేది. అదిగో, మూడోది.

మధ్యాహ్నం ఎండలో అమ్మగారొచ్చారు.
గొడుగు మూసి మూడోదాని ముందు ఆగారు.
"ఈ దుప్పటి పట్టుకున్న చెయ్యి నాదేనా?"
"మీదేనండి."
"నా చెయ్యి ఇంత నలుపేటి?"
"నా దగ్గర బొగ్గొక్కటే ఉందమ్మగారూ."

ఆవిడ వేలు పెట్టి ఆ చేతిని తడిమారు.
వేలికి అంటింది.
కొంగుకి తుడుచుకోలేదు.