అరగింజ

సంగం దగ్గర
మూడు ఏర్లు ఒకదాని మెడ మీద ఒకటి చేతులేసుకునే చోట
ఇసుకతిన్నె మీద మా చలిమంట.
తాటిమట్టలు చిటపటమంటే
జీడితొక్క నూనె కక్కుకుని ఎగసేది.
పొద్దల్లా మొలలోతు నీళ్ళలో మరిగెలు తిప్పి తిప్పి
మా వేళ్ళు ముసలివైపోయేవి.
రాత్రికి చోడంబలి డొప్ప పట్టుకుంటే
మళ్ళీ వయసుకొచ్చేవి.

సువర్ణముఖి అని పేరేగాని
ఆ తల్లి మొహం మాకెప్పుడూ చూపించలేదు.
గోటికింద ఇరుక్కున్నంత,
ఈగరెక్క మీద మెరిసినంత ఇచ్చేది,
అదీ అప్పిచ్చినట్టు.

తిండయ్యాక లెక్కలు.
గవరయ్య మావ మొదలెట్టేవాడు:
"మణుగు రాయి కిందపడి నాలుగు ముక్కలైనాది.
ఆ నాలుగుతోనే శేరు కాణ్ణించి నలభై శేర్లదాకా
ఏ తూకమైనా తూగాల. ముక్కకెంతరా?"
పోలయ్య ఇసుకలో గీసేవాడు, చెరిపేవాడు.
ఒకటి, మూడు, తొమ్మిది అని నాలిక్కరుచుకుని
మూడో రాత్రికి "ఇరవయ్యేడు!" అని అరిచి
పడుకున్న కుక్కని లేపేశాడు.

గెలిచినోడికి కాల్చిన కందికాయలు.
ఓడినోడు తెల్లారి అందరి మరిగెలూ మొయ్యాల.
ఒకరి లెక్క ఇంకొకరు ఒప్పుకునేదాకా
మంటని ఆరనిచ్చేవాళ్ళం కాదు.

ఆ పుష్యమాసం రాత్రి
అప్పటిదాకా నోరిప్పని తవిటమ్మప్ప
ఐదు బెత్తెల వెదురుపుల్ల తెచ్చింది.
రెండు బెత్తెలు ఇటు, మూడు అటు వదిలి తాడు కట్టింది.
కొబ్బరిచిప్పలు వేలాడదీసి
ఒట్టిగా ఉన్నప్పుడు సమంగా నిలబడేలా
పొట్టిచేతి చిప్పకి బంకమట్టి మెత్తింది.
"ఇది రాజాం షావుకారి తక్కెడ" అంది.
ఎవరూ నవ్వలేదు.

మా వారం రోజుల పొడి
పొట్టిచేతి చిప్పలో పోస్తే నాలుగు గురిగింజలు తూగింది.
పొడుగుచేతికి మారిస్తే తొమ్మిది.
"సెప్పండి. అసలెంత?"

"ఆరున్నర!"
గుక్కతిప్పుకోకుండా అన్నది నేనే. పదకొండేళ్ళు నాకు.
నాలుగూ తొమ్మిదీ పదమూడు, అందులో సగం.
గవరయ్య మావ తలూపాడు. పోలయ్య ఊపాడు.
మంట కూడా ఊపినట్టే ఉంది.

అప్ప ఏం మాటాడలేదు.
పొడి ఒక చిప్పలో ఉంచి
రెండోదాంట్లో ఏటి ఇసుక చిటికెడు చిటికెడే పోసింది.
పుల్ల నిలిచింది.
పొడి తీసేసింది, ఇసుక ముట్టలేదు.
పొడి కూకున్న చోటే గింజలు ఒక్కొక్కటీ వేసింది.
ఐదోదానికి పుల్ల ఇంకా వొంగే ఉంది,
ఆరోది పడగానే నిలిచింది.
"తక్కెడ అబద్ధమాడినా ఫర్వానేదే గుంటా,
ఇద్దరికీ ఒకే అబద్ధం సెప్పాల."

సంతరోజున షావుకారి గద్దె ముందు
కొంగున కట్టిన ఇసుక విప్పింది అప్ప.
"ఓపాలి దీంతో తూసీ బాబూ."
అతను నవ్వాడు, తర్వాత నవ్వలేదు.
లోపల్నుంచి ఇంకో తక్కెడ తెచ్చాడు.
ఆరు గింజలకీ డబ్బులిచ్చాడు,
ఇకమీదట మీ పొడి నాకొద్దన్నాడు.
ఆ తర్వాత బొబ్బిలిదాకా నడిచేవాళ్ళం.

ఇప్పుడు నేను గాజుపెట్టెలో కాటా ముందు కూర్చుంటాను.
ఊపిరి తగిలినా అంకె మారిపోతుంది.
కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ
ఊపిరి బిగబట్టి నిలబడతారు.

ఆ రాత్రి, నేను ఆరున్నర అన్నప్పటి నుంచి
ఆరో గింజ పడేదాకా
మా దగ్గర ఇంకో అరగింజ బంగారం ఉంది.
అది షావుకారు తియ్యలేదు, ఏరూ తియ్యలేదు.
మంటకవతల మా అమ్మ
అందులోనే నా ముక్కుపుడక చూసుకుంది.
చూశాను నేను,
ఆమె చెయ్యి నా ముక్కుదాకా వచ్చి
నిప్పురవ్వ దులిపినట్టు వెనక్కి పోవడం.