నష్టం అనే గడి

కందుకూరు సంతవీధి సత్రాన్ని
పొద్దున్నించి టేపుతో కొలుస్తున్నాను.
గోడ మందం రెండడుగుల పదంగుళాలు.
పైన మద్రాసు మిద్దె, టేకు దూలాలు పద్నాలుగు,
ఒకదాన్ని చెద తినేసి రంగు మాత్రం వదిలింది.

బేల్దారి మాలకొండయ్య గోటితో గోడ గీరి
పెచ్చు నాలిక మీద వేసుకున్నాడు.
"గానుగ సున్నం. కరక్కాయ, బెల్లం నీళ్లు.
పోయినసారి మీవోళ్లు పూసిన సిమెంటుంది చూడు,
దాంతో ఊపిరాడక గోడ
లోపల్లోపలే చెమట పట్టి చస్తంది."
రాసుకున్నాను: తేమ.

వాకిట్లో రాతి స్తంభం.
నడుమెత్తున నాలుగు వేళ్లు దిగే గాడి.
ఫారంలో 'నష్టం' అని ఒక గడి ఉంది,
పెన్ను నేరుగా అక్కడికే పోయింది.
"అది దెబ్బ కాదు సారూ,
పలుపుతాళ్ల ఒరిపిడి.
పొదిలి నించి మిరపకాయ బండ్లొచ్చేయి.
ఎద్దు రాత్రంతా మెడ తిప్పతానే ఉంటది గదా,
సంతకో నూలుపోగంత."

ఇన్నేళ్ల ఎద్దుల నిద్రలేమిని
ఏ గడిలో వెయ్యను?

తలుపు పక్కన నీలం బోర్డు:
రక్షిత కట్టడం. లోపల ఎవరూ ఉండరాదు.
దాన్ని బిగించడానికి మేమే
రాతికి నాలుగు బెజ్జాలు పెట్టాం.
ఆ నాలుగూ నష్టంలో రాశాను.

మూడింటికి వాన.
వెల్లుల్లి తట్టతో హజరతమ్మ,
ఆమె వెనక మేక, మేక వెనక మేకలాయన,
బోర్డు వైపు చూడకుండానే అరుగెక్కారు.
"కాస్త జరుగు నాయనా."

టేపు చుట్టుకుని
జరిగాను.