మూడు శాతం

కుతైసీలో కరెంటు పోయింది.
ఫోను వెలుగులో మూడు కార్డుల్ని పక్కపక్కన పెట్టుకుని చూస్తున్నాను,
ఆట రాని మనిషి చేతికి పేకముక్కలు ఇచ్చినట్టు.

ఇప్పుడు వాడుతున్నది పాతది. దాని సంగతి తెలుసు.
పరాయి దేశపు డబ్బును తాకినందుకు
ప్రతిసారీ మూడు శాతం మైల పన్ను.
మూడు శాతమంటే ఎంతో ఇక్కడికొచ్చాకే అర్థమైంది.
పొయ్యి గోడకు అంటించి కాల్చే పడవలాంటి రొట్టె ఉందా,
దాని కొస.
కరకరలాడే ఆ కొసనే
నేను ఇంటికి నడుస్తూ తినేది.
ఆరేళ్ళుగా ఆ కొస బ్యాంకు తింటోంది.

నల్ల కార్డు బరువట, లోహంతో చేశారట.
విమానాశ్రయాల్లో మెత్తటి కుర్చీల గదుల తలుపులు తెరుస్తుందట.
మా ఊళ్ళో అర్ధరాత్రి దాటాక ఒక విమానం దిగుతుంది,
కాఫీ అమ్మే పిల్ల గల్లాపెట్టె మీద తల వాల్చి నిద్రపోతుంది.
ఏ తలుపు తెరుస్తుంది పాపం!

తెల్లది ఏమీ తీసుకోదు, ఏమీ ఇవ్వదు.
నాకు నచ్చింది. మా నాన్న అలాగే ఉండేవాడు.

నీలం కార్డు ఏడాదికి తొంభై అయిదు డాలర్లు అడుగుతుంది.
మూణ్ణెల్లలో నాలుగు వేలు ఖర్చు చేస్తే
అరవై వేల పాయింట్లు ఊరికే ఇస్తానంటుంది.
ఊరికే!
ముప్ఫై ఏళ్ళు డులూత్ మంచులో బడి బస్సు నడిపాను,
ఆ మాట పిల్లల నోట తప్ప వినలేదు.

ఏడాదికి ఎన్నిసార్లు ప్రయాణిస్తారు, అని అడుగుతోంది దరఖాస్తు.
నేను ప్రయాణించడం మానేశానయ్యా.
కూరగాయల బజారు దాకా, నది దాకా, మళ్ళీ ఇంటికి.
వెళ్ళేవాళ్ళకే ఇస్తారు బహుమతులు,
ఒకచోట కుదురుకున్న మనిషికి ఒక్క పాయింటు రాసినవాడు లేడు.

అంటే, గోచా తప్ప.
కింది కొట్లో అతని నోటుబుక్కులో నాకో పేజీ ఉంది,
పైన పేరు లేదు, 'బస్సావిడ' అని ఉంది.
ఇందాకే కొవ్వొత్తులు, అగ్గిపెట్టె రాసుకున్నాడు.
వడ్డీ లేదనుకోకండి,
రుస్తావిలో తను గెలవాల్సిన కుస్తీపోటీ కథ
మొదట్నించీ వినాలి.
ఇవాళ వింటూ మధ్యలో అన్నాను,
నాలుగు వేలు ఎలా ఖర్చు చేస్తాను గోచా,
నా అద్దె మూడొందలు, అదీ నోట్లే.

కుస్తీ ఆగింది.
నా ఫ్రిజ్ చచ్చి నెలయింది, అన్నాడు.
నీ కార్డుతో కొను, డబ్బు నీ చేతిలో పెడతాను.
కొవ్వొత్తికని వచ్చిన త్సియాలా
నోట్లో వేలుపెట్టి చూపించింది, కుడివైపు మూడు పళ్ళు,
డాక్టరు కార్డు తీసుకుంటాడంది.
మూడో అంతస్తు జాజాకి నాలుగు టైర్లు కావాలట.
చీటీపాట పాడినట్టు
మెట్ల మీద నిలబడి లెక్క కట్టారు, చీకట్లో, వేళ్ళ మీద.
మూడు వేల ఎనిమిది వందల దగ్గర ఆగింది.
మిగతాది సారా, అన్నాడు జాజా.

ఇంత చేసి ఆ పాయింట్లతో ఎక్కడికి పోతావు, అంది త్సియాలా.
నేను కాదు, అన్నాను.

బ్యాంకుకి నా చిరునామా ఇంకా డులూత్‌లో ఆర్డిత్ ఇల్లే.
నా పాత ఫోను కూడా దాని వంటింటి సొరుగులోనే,
దారప్పండల మధ్య.
ఆరంకెల రహస్యం అక్కడికే పోతుంది,
పది నిమిషాల్లో చచ్చిపోతుంది.
ఇక్కడ రాత్రి తొమ్మిది, అక్కడ మధ్యాహ్నం.
సూపు తాగుతోందట. ఏం కొంటున్నావే, అంది.
అరవై ఎనిమిదేళ్ళు, ఒక్కసారీ విమానం ఎక్కలేదు.
ముందు అంకెలు చదువు, అన్నాను.
నాలుగు. సున్నా. సున్నా. ఏడు. ఒకటి.
ఆఖరిది మూడో ఎనిమిదో,
ఉండు, కళ్ళజోడు తెచ్చుకుంటాను.

దాని చెప్పుల చప్పుడు దూరమైంది.
ఇక్కడ కరెంటు వచ్చింది.