వరసలో రాయి

కొరుక్కుపేట రైలు గేటు పడితే
మా రెండో తరగతి పావుగంట ఆలస్యం.
గూడ్సు పెట్టెలు లెక్కపెడుతూ నిలబడతారు పిల్లలు.
నలభై ఒకటి అంటాడు దిలీపు.
ఇంజనుతో కలిపా, విడిగానా?
అడుగుతుంది పెంచలరాణి.

చీపురు పుల్లలు విరిచి తెచ్చానివాళ.
పది పుల్లలకో రబ్బరు బ్యాండు,
పది కట్టలకో పాత చీర అంచు.
బల్ల మీద సుద్దతో మూడు గళ్ళు.
కట్ట విప్పితే పది, కట్టేస్తే ఒకటి.
చిల్లరిచ్చి నోటు పుచ్చుకున్నట్టే కదా అన్నారు,
నిన్న సాయంత్రం దాకా
అమ్మల పక్కన కూర్చుని మల్లెలమ్మిన పిల్లలు.
వాళ్ళకి నేను నేర్పేదేముంది, అక్కడిదాకా!

రెండు వందల అయిదు రాయమన్నాను.
పలక మీద రెండు వందలు రాసి
పక్కనే అయిదు అతికించాడు దిలీపు.
2005.
విన్నది విన్నట్టే రాశాడు పాపం.
నోటికి ఒప్పైంది చేతికెలా తప్పయిందో
వాడికి అర్థం కాలేదు.
నాకూ చెప్పడం చేతకాలేదు.

సరే, పోల్చడం చూద్దామని
తొంభై ఎనిమిది పెద్దదా, నూట రెండా? అంటే
తొంభై ఎనిమిదే! అని పెంకులెగిరేలా అరిచారు.
తొమ్మిదీ ఎనిమిదీ బాగా తిన్న మనుషులట,
ఒకటీ సున్నా రెండూ బక్క ప్రాణులట,
కుస్తీ పెడితే ఎవరు గెలుస్తారో
మీరే చెప్పండి టీచర్, అని నాకే సవాలు.
పెద్దదానివైపు నోరు తెరిచే గుర్తు గీశాను.
"ఇదెప్పుడూ పెద్దదాన్నే తింటుందా?
చిన్నదాంతో కడుపు నిండదనా?"
దానికి జవాబు
ట్రైనింగులో ఎవరూ చెప్పలేదు.

మళ్ళీ రెండు వందల అయిదు దగ్గరికే వచ్చాం.
ఇదిగో, పదుల గడిలో ఒక్క కట్టా లేదు,
అందుకని అక్కడ సున్న.
"ఏమీ లేనప్పుడు ఏమీ రాయకపోతే పోలా?"
వెనక వరసలోంచి దిలీపే.

అప్పుడు లేచింది పెంచలరాణి.
"మా వీధికి తణ్ణి లారీ వస్తుంది కదా టీచర్,
మాయమ్మ పనికి పోతా పోతా
లైన్లో రాయి పెట్టి పోతుంది.
బిందె పెడితే ఎత్తకపోతారు, అందుకని రాయి.
రాయిలోకి నీళ్ళు పడతాయా? పడవు.
ఆ రాయి తీసేశామనుకో,
ఎనకున్నోళ్ళు ఒకడుగు ముందుకొచ్చేస్తారు.
ఆ ఎనకాల ఉండే రెండు లేదూ,
రెండొందలు కాస్తా
ఇరవయ్యయి కూర్చుంటాది."

తుడవాల్సిందేమీ లేకపోయినా
బోర్డు వైపు తిరిగి కాసేపు తుడిచాను.
పదిహేనేళ్ళుగా
సున్నకి విలువ లేదనే చెబుతున్నాను నేను.

ఆ తర్వాత నా పని తేలికైంది.
లైన్లో ఎంతమందున్నారో ముందు చూడాలి,
ఎవరెంత లావో తర్వాత,
అని దిలీపు తనకి తనే చెప్పుకుని
తొంభై ఎనిమిదిని ఓడించేశాడు,
కొంచెం బాధగానే.

హాజరు పట్టీ ముగించి సంతకం చేశాను.
తెలుగు మీడియం రెండో తరగతి:
నిరుడు ఇరవై ఒకటి, ఈ ఏడు పన్నెండు.
అవే అంకెలు. చోట్లు మారాయంతే.

సాయంత్రం మా వీధి మలుపులో
లారీ కోసం ప్లాస్టిక్ బిందెల వరస,
ఆకుపచ్చ, నారింజ, సొట్టపడ్డ నీలం,
మధ్యలో అరచేయంత నల్లరాయి.
అలవాటు కొద్దీ కాలితో పక్కకి నెట్టబోయి
ఆగాను.
ఎవరిదో తెలీదు. ఏ ఇంట్లో అంట్లు తోముతోందో.
నా బిందె
దాని వెనకే పెట్టాను.