కార్పెట్ ఏరియా

పదకొండు వందల నలభై చదరపడుగులన్నాడు గజేంద్ర,
ప్లాను కాగితం మీద వేలు పెట్టి.
కొత్త బిల్డింగు, కరకంబాడి రోడ్డు,
బాల్కనీలో నిలబడితే కొండ కనపడతాదన్నా,
రెండేండ్లు కదలకుండా పట్టుకో,
డబ్బే పిల్లలు పెడతాది.

నేను నగరిలో ముప్పై ఏండ్లు గుడ్డ కొలిచినోణ్ణి.
కొలతంటే నాకు నమ్మకం.
ఎనిమిది మరమగ్గాలు తూకానికి అమ్మేసి,
ఇనుము రేటుకే, మగ్గం రేటు యాడుంది ఇప్పుడు,
చాలనిదానికి బ్యాంకోళ్ళని తోడు తెచ్చుకుని
నాలుగో అంతస్తులో నాలుగు వందల మూడు కొన్నా.

రిజిస్ట్రేషన్ అయినాక ఒకదినం
తలుపు గడియేసుకుని, చెప్పులిడిచి,
టేపుతో ఒకసారి, మూరతో ఒకసారి కొలిచినా.
హాలు, రెండు రూములు, వంటిల్లు,
చీపురు పెట్టుకునే సందు గూడా వొదల్లేదు.
ఏడొందల తొంభై.
మళ్ళా కొలిచినా.
ఏడొందల తొంభై.

ఫోన్ చేస్తే గజేంద్ర నవ్వినాడు.
"అది కార్పెట్ ఏరియా అన్నా,
నువ్వు కొన్నది సూపర్ బిల్టప్పు.
మిగతాది మెట్లలో ఉండాది, లిఫ్టులో ఉండాది,
గోడల మందంలో ఉండాది. యాడికీ పోలేదు."

కార్పెట్టంటే నాకు తెలుసు, పడుగూ పేకా ఉంటాయి.
గుడ్డ మొదటి ఉతుకులో కుంచించుకుంటాది,
మీటరుకు రెండంగుళాలు, మేము ముందే చెప్పి అమ్ముతాం.
ఉతక్కముందే మూడొందల యాభై అడుగులు
ముడుచుకున్న సరుకు
నా జన్మలో ఇదే చూడ్డం.

నెలకొక ఆదివారం పుత్తూరు మీద బస్సులో పోతా.
తుప్పునీళ్ళు పోయేదాకా కొళాయిలు తిప్పుతా.
పావురాయి రెట్ట గీకుతా.
ఫ్యాన్లు వేసి, తిరగతా ఉండేది చూసి, ఆపుతా.
కాపురం కాదిది,
పాలివ్వని గొడ్డుకు మేతేసి రావడం.

నలభై ఎనిమిది ఫ్లాట్లు.
పొద్దుకూకితే తొమ్మిదింట్లోనే దీపం.
ఎదురుది బంగారుపాళెం మామిడిమండీ ఆయనది,
పైన రెండూ మదరాసు కంటిడాక్టరమ్మవి,
కింద మూలది ఎవురిదో
కొన్నోళ్ళకే గుర్తులేదంట.
అమ్మేదానికి కొన్నోళ్ళం,
అమ్మేదానికి కొనేవాళ్ళ కోసం కాచుకోనుండాం.
బాడుగకిస్తామని గేటుకు బోర్డు కడితే
ఫోను చేసేది మళ్ళా బ్రోకర్లే.

కొండ కనపడతా ఉండె, అబద్ధం కాదు,
ఏడాది పాటు.
ఇప్పుడు ఫేజ్ టూ లేస్తా ఉండాది.
సవుకు కట్టెల సందుల్లో
మూరెడు నీలం మిగిలింది.

పోయిన నెల కరెంటు లేదు, లిఫ్టు లేదు.
మెట్లు దిగతా ఉంటే
కడాకరి మలుపు కింద, మీటర్ల పక్కన
దగ్గు వినపడింది.
నూలు దుమ్ము దగ్గది,
సంతలోనైనా గుర్తుపడతా.

చెంగల్రాయుడు.
నా నాలుగో మగ్గం పద్దెనిమిదేండ్లు తోలినోడు.
కొత్త వాచ్‌మ్యాన్ చేరినాడని తెలుసు,
పేరు అడగలా నేను.
"నీదీ ఈడేనా సావుకారా" అంటా లేవబోయి
మెట్టుకు తల కొట్టుకున్నాడు.

మెట్ల కింద గోనెపట్టా, స్టవ్వు,
అట్టలేసిన బడి పుస్తకాలు,
అడ్డం తెరగా నీలం గళ్ళ లుంగీ గుడ్డ.
అంచు చూస్తేనే తెలిసిపొయ్యింది.
మగ్గాలు విప్పిన దినం కోసిన ఆఖరు తాను.

"రంగు పోలేదే" అన్నా, ఏమనాలో తెలీక.
"ఎన్నిసార్లు ఉతికినామో సావుకారా,
బెత్తెడు గూడా తగ్గలా."

నా చెయ్యి దానంతటదే జానలు వేసింది,
తెర నుంచి గోడ దాకా, గోడ నుంచి మెట్టు దాకా.
కనపడని ఆ మూడొందల యాభైలో
ఎంతో కొంత ఈడుండాది.
నేను కంతు కడతా ఉండే జాగాలో
పొయ్యి వెలిగేది ఇంతమట్టుకే.

జేబులో ఫోను మోగింది. గజేంద్ర.
"అడుక్కు నాలుగొందలు పెరిగిందన్నా, ఇడిసేస్తావా?"
కొలత ఇంగా అయిపోలేదని పెట్టేసినా.

గేటు దాకా చీకటి.
చెంగల్రాయుడు టార్చి తెచ్చినాడు,
తెగిన పోగు వెతికేటప్పుడు పట్టినట్టే
కిందికి వంచి,
నా పాదాలకు ఒక అడుగు ముందర.