నోటికడ్డంగా చెయ్యి

ఒక శనివారం మాకు శిక్షణ ఇచ్చారు.
ఒంగోలు ఎండ, తిరగని ఫ్యాను, సెమినార్ హాలు,
తలా ఒక మజ్జిగ ప్యాకెట్టు, మెడలో ట్యాగు,
'తోటి విద్యార్థికి తోడు' అని అట్ట మీద అచ్చేసిన ఫైలు.
లోపల పద్నాలుగు సూచనలు.
ఆరోది: కళ్ళలోకి చూసి మాట్లాడాలి.
తొమ్మిదోది: సలహా ఇవ్వకండి, వినండి.
పద్నాలుగోది జిరాక్సులో చెరిగిపోయింది.

నేనెందుకు చేరానంటే,
నిజం చెబుతా, సర్టిఫికెట్ కోసం.
ఇంకో నిజం కూడా ఉంది. అది తర్వాత.

లైబ్రరీ మెట్ల కింద బల్ల, రెండు కుర్చీలు.
మొదటి వారం ఒకతను వచ్చి
బస్ పాస్ ఫారం ఎక్కడిస్తారన్నాడు.
ఇంకొకతను ఛార్జర్ అడిగాడు.
రెండో వారం పెంచలప్రసాద్ వచ్చాడు.
స్టాటిస్టిక్స్ అర్థం కావట్లేదక్కా అన్నాడు.
నేను ఉత్సాహంగా
గంటసేపు గంట ఆకారం గీతే గీసి చూపించాను.
అన్నిటికీ తలూపాడు.
పై సోమవారానికి
చీమకుర్తి క్వారీలో లెక్కలు రాసే పనిలో చేరాడని
రూమ్మేటు చెప్పాడు.
వాడు అడగాలనుకున్నది స్టాటిస్టిక్స్ కాదు.
ఏమడగాలనుకున్నాడో నాకిప్పటికీ తెలీదు.
ఫైల్లో ఆ తారీఖు ఎదురుగా
'సమస్య పరిష్కారమైంది' అని
నా చేతిరాతే ఉంది.

మాలకొండమ్మ వచ్చింది దసరా సెలవుల ముందు.
దిగాల్సిన స్టాపు దగ్గరపడ్డ మనిషిలాగా
కుర్చీ అంచున కూర్చుంది.
చున్నీ కొస నోటికి అడ్డం.
సెమినార్ ఇవ్వలేనక్కా,
సున్నా వేసుకోమనండి సార్ని, అంది.
ఇంగ్లీషంటే భయమా? కాదు.
సబ్జెక్టు రాదా? వచ్చు.
మరి ఏంది మే?
మాట్లాడలేదు. చెయ్యి తియ్యలేదు.

ఆ చెయ్యి నాకు తెలుసు.
నాలుగు వేళ్ళూ పైపెదవి మీద, బొటనవేలు దవడ కింద,
నవ్వొచ్చినా, ఫొటో తీస్తామన్నా,
పేరు చెప్పమన్నా
దానంతటదే లేచే చెయ్యి.
ఊరేదని అడిగాను.
కనిగిరి అవతల, చెప్పినా తెలీదులే అక్కా.
బోరు నీళ్ళేనా?
తల పైకెత్తింది.

అప్పుడు ఫైలు మూసి
నేను నవ్వాను,
చిగుళ్ళు కనిపించేటట్టు.
పామూరు బోరు నీళ్ళు తాగి పెరిగిన పళ్ళు,
గోధుమరంగు గీతలు, తుప్పు మరకలు,
ఇంటర్లో నాకు 'టీ పొడి' అని పేరు తెచ్చిన పళ్ళు,
డిగ్రీ మూడేళ్ళూ కిటికీ పక్క వెనక బెంచీలో
నన్ను మూగదాన్ని చేసిన పళ్ళు.
చెబుతానన్న ఇంకో నిజం ఇదే.
అప్పట్లో నా ఎదుట ఇట్టా ఎవరూ కూర్చోలేదు.

ఇక్కడ ఆమె చెయ్యి దించిందని రాస్తే బాగుంటుంది.
దించలేదు.
చాలాసేపు నా పళ్ళనే చూసి
"నీవి నావాటికన్నా ఘోరంగా ఉండాయక్కా" అంది.
ఇద్దరం నవ్వాం.
ఆమె చున్నీ వెనక నుంచే.

ఆ తర్వాత పెద్దగా ఏమీ చెయ్యలేదు.
సాయంత్రాలు ఖాళీ క్లాసులో ఆమె చదివేది,
నేను ఆఖరి బెంచీలో కూర్చుని
వినపళ్ళేదు మే అనేదాన్ని.
కొత్తపట్నం వైపు నుంచి గాలి వచ్చి
కాగితాలు ఎగరేసేది.
పట్టుకోవడానికి రెండు చేతులూ కావాల్సొచ్చేవి.
రెండు చేతులూ.
ఇది ఏ సూచనలోనూ లేదు.
నా తెలివీ కాదు. గాలి పని.

సెమినార్ రోజు ఆరు నిమిషాలు మాట్లాడింది.
సగంలో ఒకసారి చెయ్యి లేచింది,
ముక్కు దాకా పోయి,
కళ్ళద్దాలు సర్దుకున్నట్టు నటించి
దిగింది.
ఆమెకు కళ్ళద్దాలు లేవు.

చెరిగిపోయిన పద్నాలుగో సూచనేంటో
సార్ని అడుగుదామనుకుని, మానేసి,
మొన్న పెంచలప్రసాద్‌కి ఫోన్ చేశాను.
ఎవరూ అన్నాడు.
స్టాటిస్టిక్స్ అక్కని, అన్నాను.
కాసేపు రాయి కోసే రంపం ఒక్కటే మాట్లాడింది.
ఈసారి నేనేమీ చెప్పలేదు.
ఫోను చెవికి ఆనించుకుని
మెట్ల కింద, వాడు కూర్చున్న కుర్చీలోనే
కూర్చున్నాను.