పదో చెయ్యి

ఫారం అడుగుతుంది: పూటకి ఎన్ని గ్రాముల అన్నం?
బిరామ్ ఫాల్ నవ్వుతాడు, పై పళ్ళు రెండు లేవు.
"మా ఇంట్లో పళ్ళెం ఒక్కటే డాక్టరమ్మా.
తొమ్మిది చేతులు. ఎవరి గ్రాములు ఎవరికి తెలుసు?"

చక్కెర మూడు వందల పది.
ఎడమ కాలి బొటనవేలికి మానని పుండు.
పోయిన నెల నేను రాసిచ్చిన కాగితం
ఎండు చేపలు చుట్టడానికి పనికొచ్చిందట.

అందుకే ఇవాళ, సెయింట్ లూయీ పడవల వాడకి
తూకం లేకుండా వెళ్ళాను.
చాప మీద కూర్చున్నాను, పదో చెయ్యిగా.

కోడలు కుంబా పళ్ళెం నడుమ చేపని తుంచి
అందరి ముందుకీ తోస్తోంది.
ముసలాయన మాట్లాడుతూ మాట్లాడుతూనే
తన ముక్కని మనవడి వైపు జరిపేస్తున్నాడు.
ఇక మిగిలింది అన్నం,
ఎర్రగా, నూనె మెరుస్తూ.
దాంతోనే కడుపు నింపుకుంటున్నాడు.

ఆరేళ్ళ చదువులో ఇది లేదు.

కుంబా చెవిలో చెప్పాను:
ఆయన ముందు క్యాబేజీ, వంకాయ గోడలా పెట్టు.
చేప ముల్లు మాత్రం తియ్యకు.
ముల్లున్న ముక్క పసివాడికి పెట్టలేడుగా.

తీయబోయిన వేలు ఆగింది.

ఫారంలో "ప్రణాళిక" గడి దగ్గర
ఒక్క మాటే రాశాను: ముల్లు.
పెద్ద డాక్టరు అడిగితే అప్పుడు చూద్దాం.